పొలిమేరల వెంట లక్సెంబర్గ్

ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో బ్రసెల్స్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలకు లక్సెంబర్గ్ ఒక ఆదివారం పని. తెల్లవారుజామున కారెక్కుతారు. రాజధానిలో పెద్ద వంతెన దగ్గర దిగి ఫోటో తీసుకుంటారు, వియాండెన్ కోట ఎక్కి దిగుతారు, రాత్రి భోజనానికి ఇల్లు చేరతారు. మర్నాడు ‘నిన్న ఒక దేశం చూసొచ్చాం’ అంటే వినేవాళ్ళలో కొందరు ముచ్చటపడతారు, కొందరు పెదవి విరుస్తారు. దేశాన్ని ఒక్క పూటలో చూడటమేమిటి, అది చూడటమా, ముట్టుకుని రావడమా అని వీళ్ళ ఆక్షేపణ. మామూలుగా నేనూ వీళ్ళ పక్షమే. ఇటలీనో స్పెయిన్‌నో ఒక్క రోజులో చూశానంటే నమ్మనక్కర్లేదు. లక్సెంబర్గ్ విషయంలో మాత్రం ఆ ఆక్షేపణ నిలబడదని నా వాదన. ఉత్తర దక్షిణాలు 82 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 57 కిలోమీటర్లు ఉన్న దేశం గనక ఒక్క రోజు సరిపోతుందని చెప్పడం తేలిక. నా కారణం వేరు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే మనుషుల మీదే ఆ దేశం నడుస్తోంది. అందుకే పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేవాడి కంటికే దాని గుట్టు బాగా దొరుకుతుంది. అయితే మనవాళ్ళు వెళ్ళే ఆదివారం పనికిరాదు, వెళ్ళే దారీ పనికిరాదు.

ముందుగా ఏ రోజు వెళ్ళాలో చూద్దాం. లక్సెంబర్గ్ జనాభా 7 లక్షల లోపు. అందులో నూటికి 47 మంది దాకా విదేశీ పౌరులే. రాజధాని నగరంలో అయితే విదేశీయులు నూటికి 70 మంది దాకా ఉంటారు. వీళ్ళు కాక, పనిరోజుల్లో ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి 2 లక్షల 20 వేలకు పైగా ఉద్యోగులు సరిహద్దు దాటి వస్తారు. వీరిలో సుమారు సగంమంది ఫ్రాన్స్ వైపు వాళ్ళు. దేశంలో జీతం మీద పనిచేసేవాళ్ళ లెక్క తీస్తే వీళ్ళు సగానికి కొంచెమే తక్కువ. ఆస్పత్రిలో నర్సు, బ్యాంకులో గుమాస్తా, దుకాణంలో అమ్మే అమ్మాయి, గోడ కట్టే మేస్త్రీ, ఎవరిని కదిపినా రాత్రికి వేరే దేశంలో పడుకునే మనిషి కావచ్చు. ఆదివారం నాడు వీళ్ళలో చాలామంది ఉండరు. ‘ఎంత ప్రశాంతమైన ఊరో’ అని మెచ్చుకుని వచ్చిన మనవాళ్ళు, ఊరి పనివాళ్ళు ఇళ్ళకు పోయిన రోజున ఊరిని చూశారు. కాబట్టి వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్ళడం మేలు. పొద్దున ఏడింటికి ఫ్రాన్సులోని తియోన్‌విల్ దగ్గర ఉత్తరం వైపు వెళ్ళే రహదారి ఎక్కితే, కార్ల వరసలో ఒక కారై నత్తనడకన సరిహద్దు దాటుతారు. పర్యాటకుల పుస్తకాలు ఆ రద్దీని తప్పించుకునే ఉపాయాలు చెబుతాయి. నా లెక్కలో చూడవలసిన వాటిలో మొదటిది అదే.

ఇక దారి. ఇది అంచుల వెంట సాగాలి, ఎందుకంటే ఈ దేశాన్ని తయారుచేసింది దాని అంచులే. ఇంత చిన్న దేశం అని మనం అబ్బురపడతాం గాని, అది పుట్టుకతోనే ఇంతగా లేదు. ఇతరులు మూడుసార్లు కోసుకోగా మిగిలిన ముక్క ఇది. 1659లో పిరనీస్ సంధితో దక్షిణాన తియోన్‌విల్ ప్రాంతం ఫ్రాన్సుకు పోయింది. పొద్దున మీరు రద్దీలో చిక్కుకున్న చోటే అది. 1815లో వియన్నా సమావేశం తూర్పు భాగాన్ని ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి ఇచ్చింది. 1839లో పడమటి భాగం, అన్నిటికంటే పెద్దది, బెల్జియంలో కలిసింది. బెల్జియంలో లక్సెంబర్గ్ అనే పేరుతోనే ఇవాళ ఒక ప్రాంతం ఉంది, దాని విస్తీర్ణం 4,400 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. స్వతంత్ర దేశమైన లక్సెంబర్గ్ 2,586 చదరపు కిలోమీటర్లే. ఇలా దేశం పేరు పెట్టుకున్న పరాయి జిల్లా దేశం కంటే పెద్దదై కూర్చుంది. పొద్దున వచ్చే ఉద్యోగుల ఊళ్ళలో చాలా భాగం ఒకప్పటి ఈ ముక్కల్లోనే ఉన్నాయి. చరిత్ర కోసి పంచిన నేల నుంచే జనం మళ్ళీ రోజూ నడిమధ్యకు వచ్చి పోతున్నారు.

రాజధానిలో ఎక్కువసేపు వద్దంటాను, కానీ ఒక్క పని చెయ్యాలి. కారు ఆపి కిందికి దిగాలి. ఈ నగరం రెండు అంతస్తుల నగరం. అల్జెట్, పెట్రూస్ అనే రెండు చిన్న నదులు రాతిని లోతుగా కోసేస్తే పైన ఒక ఊరు, లోయలో ఒక ఊరు ఏర్పడ్డాయి. 963లో సీగ్‌ఫ్రీడ్ అనే ప్రభువు బోక్ అనే రాతి ముక్కు మీద కోట సంపాదించుకున్నాడు. ఆ తర్వాత బర్గండీ వాళ్ళు, స్పెయిన్ వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు, ఆస్ట్రియా వాళ్ళు, ప్రష్యా వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దాన్ని పట్టుకుని, పట్టుకున్నవాళ్ళల్లా మరో వరస గోడలు కట్టారు. రాతి లోపల 23 కిలోమీటర్ల సొరంగాలు తొలిచారు. 1867లో దీనికోసం ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధానికి దిగబోతే, లండన్‌లో పెద్ద దేశాలు కూర్చుని ఒక తీర్పు చెప్పాయి: దేశం తటస్థంగా ఉండాలి, ప్రష్యా సైన్యం వెళ్ళిపోవాలి, కోటను పడగొట్టాలి. పడగొట్టడానికి పదహారేళ్ళు పట్టింది. సొరంగాలను పూర్తిగా పూడిస్తే పైన ఉన్న ఊరు కూలుతుంది గనక 17 కిలోమీటర్లు అలాగే మిగిలాయి. 1903లో కట్టిన అడాల్ఫ్ వంతెన మీద కారులో దూసుకుపోయేవాడికి ఇదేమీ కనబడదు. లోయలోని ప్ఫాఫెన్‌తాల్ పేట నుంచి పై ఊరికి డబ్బు తీసుకోని లిఫ్టు ఒకటి ఉంది. అందులో ఒకసారి ఎక్కి దిగితే, ఈ నేల కోసం ఇన్ని రాజ్యాలు ఎందుకు కొట్టుకున్నాయో గైడు అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

అక్కణ్ణుంచి ఆగ్నేయానికి తిరగండి. వీసా దరఖాస్తు నింపిన తెలుగువాళ్ళందరికీ నోటికొచ్చిన పేరు షెంజెన్. అది ఒక ఊరు అని ఎంతమందికి తెలుసో చెప్పలేను. మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోటల కింద ఉన్న పల్లె అది. నదికి అవతల జర్మనీ, పక్కకు తిరిగితే ఫ్రాన్సు. 1985 జూన్ 14న ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు ఇక్కడ మోజెల్ మీద ‘ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్’ అనే ఓడలో కూర్చుని, తమ మధ్య తనిఖీలు ఎత్తేద్దామనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. పెద్ద నాయకులెవరూ రాలేదు, సహాయమంత్రుల స్థాయి వాళ్ళే వచ్చారు. అది అమలులోకి రావడానికి ఇంకో పదేళ్ళు, 1995 మార్చి దాకా పట్టింది. నాకు ఇందులో ఆసక్తి కలిగించేది ఆ నీళ్ళు. 1815 తర్వాత ప్రష్యాతో గీసిన సరిహద్దులో మోజెల్, సూర్, ఊర్ అనే మూడు నదులున్నాయి. సాధారణంగా దేశాలు నది నడిమధ్యన గీత గీసుకుంటాయి. ఇక్కడ అలా గీయలేదు. 1816 ఒప్పందం ప్రకారం నది మొత్తం ఇద్దరిదీ. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఉన్న నీళ్ళు జర్మనీవీ, లక్సెంబర్గ్‌వీ ఒకేసారి. ఇప్పటికీ అంతే. అంటే సరిహద్దును గీతగా కాక ఉమ్మడి స్థలంగా వాడుకోవడం ఈ నేలకు 1985లో కొత్తగా వచ్చిన ఆలోచన కాదు, అప్పటికే నూటయాభై ఏళ్ళకు పైబడిన అలవాటు. షెంజెన్ నుంచి రెమిచ్, గ్రేవెన్‌మాఖర్, వాసర్‌బిల్లిగ్ మీదుగా ఎఖ్టర్నాఖ్ దాకా కారు ఈ ఉమ్మడి నీళ్ళ పక్కనే సాగుతుంది. కుడిచేతి వైపు కిటికీలో జర్మనీ, ఎడమచేతి వైపు ద్రాక్షతోటలు.

ఇక్కడిదాకా విన్నవాళ్ళు ఇది సరిహద్దులు చెరిపేసిన దేశపు కథ అనుకోవచ్చు. వాసర్‌బిల్లిగ్‌లో ఆగితే ఆ అభిప్రాయం సవరించుకోవాల్సి వస్తుంది. ఊరు చిన్నది, పెట్రోలు బంకులు మాత్రం ఊరికి మించినన్ని. జర్మనీ నంబరు పలకలున్న కార్లు వరస కడతాయి, ఎందుకంటే ఇక్కడ ఇంధనం మీద పన్ను తక్కువ. బంకుల్లో సిగరెట్లతో పాటు కాఫీపొడి పొట్లాలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. జర్మనీలో కాఫీ మీద కిలోకు రెండు యూరోల పైచిలుకు ప్రత్యేక పన్నుంది, ఇక్కడ లేదు. అమ్మకం పన్ను లక్సెంబర్గ్‌లో 17 శాతం, జర్మనీలో 19, ఫ్రాన్సులో 20, బెల్జియంలో 21. రాజధానిలోని కిర్ష్‌బెర్గ్ గుట్ట మీద గాజు భవనాల్లో జరిగేదీ ఇదే సూత్రం, లావాదేవీ పెద్దది, అంతే. పెట్టుబడి నిధులను నమోదు చేసుకునే కేంద్రాల్లో అమెరికా తర్వాత స్థానం లక్సెంబర్గ్‌దే. అక్కడి నిధుల ఆస్తుల విలువ 5 లక్షల కోట్ల యూరోలకు పైమాటే. ఆ డబ్బు అక్కడ పుట్టదు, అక్కడ ఖర్చవదు, అక్కడి మీదుగా పోతుంది. అందుచేత నేను చెప్పదలచుకున్నది ఇది: లక్సెంబర్గ్ సరిహద్దు దగ్గర గేటు తీసేసింది గాని తేడాను ఉంచుకుంది. గేటు ఉంటే జనం రారు, తేడా పోతే వచ్చి ప్రయోజనం లేదు. గేటు లేకపోవడం, తేడా ఉండటం అనే ఈ రెండూ కలిస్తేనే ఆ దేశపు సంపద. దీన్ని కోట బురుజు మీద నిలబడి చూడలేం. అంచు వెంట కారు నడిపితే అరగంటలో తెలిసిపోతుంది.

మరి కోటలు వద్దా, చరిత్ర అక్కర్లేదా అని అడిగేవాళ్ళుంటారు. చూడండి, తప్పకుండా చూడండి, అయితే చూస్తున్నది ఏమిటో తెలిసి చూడండి. ఊర్ నది మీదున్న వియాండెన్ కోటను 1820లో రాజు ఒక స్థానిక వర్తకుడికి అమ్మేశాడు. ఆయన పెంకులు, దూలాలు, తలుపులు విడివిడిగా అమ్ముకున్నాడు. 1977లో ప్రభుత్వం చేతికి వచ్చాకే దాన్ని తిరిగి నిలబెట్టారు. మనం ఫోటో తీసుకునే ‘మధ్యయుగపు’ పైకప్పు వయసు యాభై ఏళ్ళు నిండలేదు. ఎఖ్టర్నాఖ్‌లో విల్లిబ్రోర్డ్ అనే సాధువు 698లో మఠం స్థాపించాడు. అక్కడి పెద్ద చర్చి 1944 డిసెంబరు నాటి యుద్ధంలో కూలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఉత్తరాన ఉన్న క్లెర్వో కోట అదే నెలలో కాలిపోయి మళ్ళీ లేచింది. ఉత్తరాదిలో పాతవిగా కనిపించేవాటిలో చాలా వాటికి మన స్వతంత్ర భారతం వయసు కూడా లేదు. దీన్ని మోసమనను. రెండుసార్లు, 1914లోనూ 1940లోనూ, జర్మనీ సైన్యాల కింద నలిగిన దేశం తన ఆనవాళ్ళను మళ్ళీ కట్టుకోవడంలో పట్టుదల ఉంది. అయితే ఆ పట్టుదలకు మూలం చూడాలంటే కోటల కంటే మంచి చోటు రాజధాని పొలిమేరలో ఉంది. హామ్‌లో అమెరికా సైనికుల శ్మశానం, 5,000కు పైగా సమాధులు, వాటిలో రెండో ప్రపంచ యుద్ధ సేనాని జనరల్ ప్యాటన్‌ది ఒకటి. అక్కడికి రెండు కిలోమీటర్ల లోపే సాండ్‌వైలర్‌లో జర్మన్ సైనికుల శ్మశానం, అందులో 10,000 మందికి పైనే. షెంజెన్ వెళ్ళేముందే ఈ రెండూ చూస్తే, ఓడలో చేసిన ఆ సంతకాలకు వెనక ఉన్న లెక్క ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వియాండెన్‌లో కోట కంటే నన్ను ఆకట్టుకునేవి రెండున్నాయి. ఒకటి వంతెన పక్కనున్న ఇల్లు. పారిస్ కమ్యూన్ తిరుగుబాటు ఓడిపోయాక, పారిపోయి వచ్చేవాళ్ళకు ఆశ్రయమిస్తానన్నందుకు 1871లో విక్టర్ హ్యూగోను బెల్జియం వెళ్ళగొడితే ఆయన వచ్చి తలదాచుకున్న చోటు అది. ఒక దేశం పొమ్మన్నవాడికి రెండు కొండల అవతల ఇంకో దేశం దొరికింది. చిన్న దేశాలు ఉండటంలో ఇదొక లాభం. రెండోది, ఊరికి ఎగువన కొండ మీదా కొండ లోపలా ఉన్న జలవిద్యుత్ కేంద్రం. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో లాగే ఇక్కడా కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి తిప్పుతారు. 1964లో మొదలైన ఈ కేంద్రం లక్సెంబర్గ్ నేల మీద ఉంది, తిరిగేది ఉమ్మడి నది నీళ్ళతో, కరెంటు వెళ్ళేది జర్మనీ తీగల్లోకి. ఒక్క సీసా నీళ్ళు అటువైపు పోయినా కేసులు వేసుకునే దేశాలున్న ఈ లోకంలో ఆ అమరిక అరవై ఏళ్ళుగా నడవడం చిన్న సంగతి కాదు. క్లెర్వో కోటలో మాత్రం ఒక గంట ఆగండి. ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ స్టైకెన్ 1955లో న్యూయార్క్ మ్యూజియం కోసం ఏర్చి కూర్చిన 503 ఛాయాచిత్రాల ప్రదర్శన ‘ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ అక్కడ శాశ్వతంగా ఉంది. స్టైకెన్ 1879లో లక్సెంబర్గ్‌లోనే పుట్టి, పసితనంలో తల్లిదండ్రులతో అమెరికా వెళ్ళిపోయాడు. ఆ శతాబ్దంలో అలా వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అప్పట్లో ఇది పొట్ట చేతపట్టుకుని జనం వదిలిపోయిన పేద దేశం.

ఆ పేద దేశం ఎలా మారిందో చూడాలంటే దక్షిణాన ఎష్ పట్టణం వైపు వెళ్ళాలి. పర్యాటకుల కార్లు అటు వెళ్ళవు. అక్కడి ఎర్రమట్టిలోని ఇనుప ఖనిజంలో భాస్వరం ఎక్కువ, మంచి ఉక్కు రాదు. 1870లలో థామస్, గిల్‌క్రిస్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు భాస్వరాన్ని తొలగించే పద్ధతి కనిపెట్టాక ఆ మట్టే బంగారమైంది. కూలీలు చాలక ఇటలీ నుంచి, తర్వాత పోర్చుగల్ నుంచి మనుషుల్ని రప్పించుకున్నారు. పొద్దున చూసిన జనప్రవాహానికి తొలి ఊట ఈ కొలుములే. 1970లలో ఉక్కు దెబ్బతింది, బెల్వాల్‌లో చివరి కొలిమి 1997లో ఆరింది. ఒక కొలిమిని చైనా కొని విప్పుకుని పట్టుకుపోయింది, మిగిలిన రెంటి పక్కన ఇప్పుడు విశ్వవిద్యాలయం ఉంది. 2006లో లక్ష్మీ మిట్టల్ ఉక్కు కంపెనీ ఆర్సెలార్‌ను కొన్నాక ఏర్పడ్డ ఉక్కు సంస్థ ప్రధాన కార్యాలయం నేటికీ లక్సెంబర్గ్‌లోనే ఉంది. ఖనిజం లేదు, కార్యాలయం ఉంది. ఒక్క రోజులో అంచుల యాత్ర, ఎష్, రెండూ కుదరవు. ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఎష్‌నే వదలమంటాను, అయిష్టంగానే.

ఇంకో ఆక్షేపణ గట్టిది. 2020 ఫిబ్రవరి 29 నుంచి లక్సెంబర్గ్‌లో బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్ళు అందరికీ ఉచితం, పరదేశీయులకు కూడా. అలాంటి చోట కారు వేసుకుని తిరగడం అన్యాయం కాదా? రాజధానిలో అయితే కచ్చితంగా అన్యాయమే, కారు పొలిమేరలో పెట్టి ట్రాము ఎక్కాలి. నదుల వెంట మాత్రం కారు లేనిదే ఈ దారి ఒక పగటిలో పూర్తికాదు. రైళ్ళు చాలావరకు రాజధాని నుంచి నలువైపులకూ పోతాయి గాని అంచు వెంట చుట్టి రావు. పైగా ఉచిత ప్రయాణం వచ్చినా కార్లు తగ్గలేదన్నది ఈ దేశం గురించిన ఒక నిజం. తలకు ఎన్ని కార్లు అని లెక్కిస్తే ఐరోపా సంఘంలో ముందు వరసలో ఉండే దేశం ఇది. సరిహద్దు అవతల టికెట్టు కొనాల్సిందే, అవతలి పల్లెల్లో బస్సులు తక్కువ. కాబట్టి వచ్చేవాళ్ళు కార్లలోనే వస్తున్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన అభ్యంతరం చివరికి ఉంచాను. ఈ తెరిచిన సరిహద్దు కథ మరీ తియ్యగా లేదా? ఉందని ఒప్పుకోవాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జర్మనీ రెండు నెలల పాటు మోజెల్ వంతెనల మీద అడ్డుకట్టలు పెట్టింది. 2024 సెప్టెంబరు నుంచి తన భూ సరిహద్దులన్నిటి మీదా మళ్ళీ తనిఖీలు మొదలుపెట్టింది, లక్సెంబర్గ్ ప్రభుత్వం దీనిమీద అసంతృప్తి చెప్పింది కూడా. సరిహద్దు దాటి వచ్చేవాళ్ళ ఆదాయపు పన్ను ప్రధానంగా లక్సెంబర్గ్‌కే పోతుంది. వాళ్ళ పిల్లల బడులు, ఊళ్ళ రోడ్లు చూసుకోవాల్సింది ఫ్రాన్సు వైపు పట్టణాలు. మాకు వాటా ఇవ్వండని అక్కడి మేయర్లు అడుగుతూనే ఉన్నారు. దేశం లోపలున్న విదేశీయులకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఇద్దామా అని 2015 జూన్‌లో జనాభిప్రాయం అడిగితే, ఓటర్లు నూటికి 78 మంది వద్దన్నారు. ఇళ్ళ ధరలు ఎంత పెరిగాయంటే, పుట్టిపెరిగిన లక్సెంబర్గ్ వాళ్ళే నది దాటి జర్మనీ పల్లెల్లో ఇళ్ళు కొనుక్కుని రోజూ తమ దేశానికి పరదేశంలోంచి పనికి వస్తున్నారు. ఇవన్నీ నా వాదనను కొట్టేస్తాయా అంటే, బలపరుస్తాయనే అనుకుంటాను. తేడా మీద బతికే చోట ఆ తేడా ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న తగవు రాకుండా ఎలా ఉంటుంది? కోటల దారిలో వెళ్ళినవాడికి ఈ తగవు ఉన్నట్టే తెలియదు.

సాయంత్రానికి కారును పడమటి అంచుకు తిప్పండి. మార్తెలాంజ్ దగ్గర పెద్ద రోడ్డుకు ఒక పక్క బెల్జియం, ఇంకో పక్క లక్సెంబర్గ్. పెట్రోలు బంకులన్నీ లక్సెంబర్గ్ పక్కనే బారులు తీరి ఉంటాయి, అవతలి పక్క వాళ్ళు ఇవతలికి వచ్చి నింపుకుని పోతారు. వాతావరణ లక్ష్యాల కోసం 2021లో లక్సెంబర్గ్ టన్ను కార్బన్‌కు 20 యూరోల పన్ను వేసింది, ఏటా 5 యూరోలు పెంచుతూ వస్తోంది. పొరుగుతో ధరల తేడా ఆ మేరకు తగ్గుతోంది. జీతాలు, నిధులు, అమ్మకం పన్ను అనే మిగతా తేడాలు మాత్రం ఇంకా ఉన్నాయి. మీరు అక్కడ ట్యాంకు నింపుకుంటే, ధర పట్టిక రోడ్డుకు రెండు పక్కలా ఒకసారి చదివి, ఆ తర్వాత బ్రసెల్స్ దారి పట్టండి.